రజియా ‘ఉన్న’ అనకముందే దూకాను

కార్ఖానా అనే మా పేటలో, బడి మైదానంలో దూకిన రోజే నడుంలో ఏదో తేడా చేసింది. నాకప్పుడు పదమూడేళ్లు. స్పోర్ట్స్ డే కోసం డ్రిల్ టీచరమ్మ మాకు మోకాళ్లు ముడిచి ఎగిరే టక్ జంప్, కాళ్లు చాచి ఎగిరే స్ట్రాడిల్ జంప్, భుజాల మీద నిలబడే షోల్డర్ స్టాండ్, ఒకరి మీద ఒకరెక్కే పిరమిడ్ నేర్పింది. అన్నిటికంటే కష్టం బాస్కెట్. ఇద్దరు ఒకరి మణికట్లు ఒకరు పట్టుకుని నిలబడితే, పిరమిడ్ పైనున్న పిల్ల వాళ్ల చేతుల్లోకి దూకాలి. పట్టుకోవడానికి సిద్ధమని కిందివాళ్లు "ఉన్న" అన్నాకే దూకాలని నియమం. పైన నేను, కింద నా స్నేహితురాలు రజియా, ఇంకో అమ్మాయి. రజియా నోరు తెరవకముందే గొప్ప కోసం దూకేశాను, వాళ్ల చేతులకు అందక నేల మీద పడ్డాను. అందరూ అడిగితే "రజియా పట్టలే" అన్నాను.

పైస్థానం పోతుందని రెండు రోజులు నొప్పి దాచాను. అమ్మ కనిపెట్టి తాలీంఖానాలో కుస్తీ నేర్పే పహిల్వాన్‌ను పిలిపించింది. విరిగినా బెణికినా మా వాడకు ఆయనే దిక్కు. ఆడపిల్లను ముట్టకూడదని ఆయన గడప బయట నిలబడి చెప్తుంటే, అమ్మే నూనె రాసి నా వెన్ను గట్టిగా నొక్కింది. తెల్లారేసరికి కాళ్లు తిమ్మిరెక్కాయి.

ఆసుపత్రిలో ఎక్స్‌రే తీశారు. "స్పైన్ ఫ్రాక్చర్. మాలిష్ ఎవరు చేయమన్నరమ్మా?" అని డాక్టర్ అమ్మను కోప్పడ్డాడు.

"మళ్ల నడుస్తనా?" అన్నాను.

"మూడు నెలలు ప్లాస్టర్ జాకెట్ల ఉండాలె. తీసినంక చూద్దాం."

చంకల నుంచి తుంటి దాకా ప్లాస్టర్. లోపల దురద పుడితే ఏడవడం తప్ప చేసేదేం లేదు. రజియా రోజూ వచ్చి కూర్చునేది. నా అబద్ధం గురించి ఒక్క మాట అనేది కాదు. నాకు సిగ్గేసేది, అయినా నోరు విప్పలేదు.

ఇంతలో 1948 సెప్టెంబరు పోలీస్ యాక్షన్ వచ్చింది, భారత సైన్యం నిజాం రాజ్యంలోకి దిగింది. విమానాల చప్పుడు వినగానే వాడంతా బాంబులకు దాక్కోవడానికి తవ్విన గోతుల్లోకి పరుగెత్తింది.

"నువ్వన్న పో అమ్మా," అన్నాను.

"నిన్ను ఇడిసి యాడికి పోవాలె? సప్పుడు చెయ్యక పండు."

ఆ తర్వాత రజియా రావడం ఆగిపోయింది. ముస్లింల ఇళ్ల మీద దాడులు జరుగుతాయన్న భయంతో వాళ్ల నాన్న తలుపు తీయనివ్వడం లేదట. వెళ్లి నిజం చెబుదామంటే నేను పక్కకు కూడా తిరగలేను. ఆ రోజులంత నరకం మళ్లీ చూడలేదు.

ప్లాస్టర్ కోశాక కాళ్లు నిలవలేదు. వారం రోజులు మంచం పట్టె వదలలేకపోయాను. అప్పుడొచ్చింది రజియా, వాళ్లమ్మతో.

"నువ్వు ‘ఉన్న’ అనలే. నేనే దూకిన," అన్నాను, అమ్మ వింటుండగానే.

"నాకెరుకనే," అని నా వెనక చేతులు చాచి నిలబడింది. నేను కదల్లేదు. ఈసారి ఆగాను.

"ఉన్న," అంది. అడుగు వేశాను.

ఇప్పుడు మల్కాజ్‌గిరిలో ఉంటున్నాను. వానాకాలంలో నడుం పట్టేస్తుంది, కానీ కూరగాయలకు నడిచే వెళ్తాను. చదివేవాళ్లకు ఒక్కటే చెప్తాను. పడ్డాక ఎక్స్‌రే తీసేదాకా వెన్ను మీద ఎవరినీ చెయ్యి వేయనివ్వకండి, అమ్మనైనా సరే.