ఎక్కని నెట్టు

పామర్రు రైసుమిల్లులో వెయ్యి బస్తాలను చొక్కా మడత నలగకుండా లెక్కపెట్టిన మొనగాణ్ణి నేను. మా ఆఫీసులో ఆ ఘనత ఇంకెవరికీ దక్కలేదు. ఈ ఉదయం ఇబ్రహీంపట్నం గోడౌనులో కొత్త ట్రెయినీలకు స్టాకు చూడటం నేర్పుతుంటే, గోనె, తవుడు కలిసిన ఆ వాసన ముక్కుకు తగిలి కరీముల్లాగారు గుర్తొచ్చారు.

విజయవాడలో మా ఆడిట్ ఆఫీసుకు ఆయన సీనియర్. తను సీఏ పరీక్ష గట్టెక్కలేదు గాని, సీఏ కావాలని చేరిన మా అందరికీ పని నేర్పింది ఆయనే. ఒకదానిమీదొకటి పేర్చిన బస్తాల నెట్టును చుట్టూ లెక్కపెట్టి హెచ్చవేస్తే ఆయనకు చాలదు. నిచ్చెన వేసుకుని పైకెక్కి, నడుమ డొల్ల లేదని కళ్ళతో చూశాకే కాగితం మీద ఆకుపచ్చ టిక్కు పెట్టాలి.

నేను వన్‌టౌన్‌లో స్టీలు సామాను కొట్టువాడి కొడుకుని. బేరమాడకుండా మంచినీళ్ళు కూడా తాగను. ఆ రోజు పామర్రులో మిల్లు గుమాస్తాను పక్కకు పిలిచాను.

"నడుమ ఖాళీ లేదని మీరు చెప్పండి, ఎక్కి చూశానని నేను రాసుకుంటా."

"అంతకన్నానా బాబూ! ముందు భోజనానికి రండి."

తిన్నాను, టిక్కు పెట్టాను. మధ్యాహ్నం కరీముల్లాగారు వచ్చి కాగితం చూశారు.

"ఎక్కావా?"

"ఎక్కానండీ."

ఆయన నా తెల్లచొక్కా వంక ఒకసారి చూసి, ఆ వయసులో తనే నిచ్చెన ఎక్కారు. డొల్ల బయటపడితే నా ఆర్టికల్స్ ట్రెయినింగు ఆ పూటతో సరి.

"నిండుగానే ఉందయ్యా!" అన్నారు పైనుంచి. దిగుతూ మెట్టు తప్పి, మోకాలు పట్టుకుని కూలబడ్డారు.

తిరుగు బస్సులో సిగ్గులేకుండా అడిగాను: "లెక్క సరిపోయింది కదండీ, ఇంక తప్పేముంది?"

"తప్పని నేనన్నానా?"

"మన ఆఫీసు సీఏ గారికి చెబుతారా?"

"ఏం చెప్పమంటావ్? నీకు నేర్పాననా, నేర్పలేదనా?"

మర్నాడు కాగితం మీద నా టిక్కు కొట్టేసి ఉంది. పక్కన ఆయన టిక్కు, సంతకం. నన్ను కాపాడారో, నా అబద్ధాన్ని ఫైల్లో భద్రం చేశారో తెలియలేదు. ఆ తర్వాత ప్రతి మిల్లుకీ నన్నే పంపారు. అది నమ్మకమో, శిక్షో కూడా తెలియలేదు. అడిగితే, "చొక్కా మార్చుకుని వెళ్ళు" అనేవారు.

ఇవాళ ట్రెయినీలకన్నా ముందు నేనే నెట్టెక్కాను. మంచి చొక్కా పాడైంది.

ఉన్నదున్నట్టు లెక్క చూస్తే, ఆ రోజు నాకు మిగిలింది పది నిమిషాలు, ఒక ఉతుకు, ఒక పూట భోజనం. ఆయనకు పోయింది కుడి మోకాలు. రిటైరయ్యేదాకా ఆఫీసు మెట్లు గోడ పట్టుకునే ఎక్కారు. రోజూ ఆయన సంచీ నేనే అందుకుని వెనకే ఎక్కేవాణ్ణి. ఆ రోజు నేను నెట్టెక్కలేదన్న ఒక్క మాట మాత్రం నోరు తెరిచి చెప్పలేదు.