రెండొందల పదమూడో మనిషి

మా ఆఫీసులో ఆయన్ని అందరం బాబాయ్ అనే పిలిచేవాళ్ళం. ముప్పై ఏళ్ళు ప్రోగ్రాములు రాసిన మనిషి. పిన్ని పోయాక ఇంట్లో పలకరించే దిక్కు లేక సెలవు రోజుల్లో కూడా వచ్చి కూర్చునేవాడు. చెవులు సరిగ్గా వినపడవు, ఆ మాట ఒప్పుకోడానికి మాత్రం చచ్చేంత నామోషీ. ఆయన టీమును ఎత్తేశాక నాలుగో అంతస్తులో ఓ మూల గది ఇచ్చి వదిలేశారు.

నాకు పని నేర్పింది ఆయనే. మంటలొస్తే బయటపడే డ్రిల్లు కోసం మనుషుల్ని లెక్కపెట్టే ప్రోగ్రాం నాకిచ్చారు. బిల్డింగు ఒక లిస్టు, అందులో అంతస్తుల లిస్టులు, వాటిలో టీముల లిస్టులు, ఆ లోపల మనుషులు. నేను మహా తెలివిగా పై లిస్టు సైజు అడిగితే నాలుగని వచ్చింది. బాబాయ్ పడీ పడీ నవ్వాడు.

"పెట్టెలు లెక్కపెట్టావు తల్లీ. మూతలు తియ్యి" అన్నాడు.

తీశాను. అంతస్తు తెరిచి, టీము తెరిచి, మనుషుల్ని లెక్కపెట్టేలా రాశాను. కానీ బాబాయ్‌కి టీము లేదుగా, ఆయన పేరు నేరుగా అంతస్తు లిస్టులోనే ఉంది. టీము ఉండాల్సిన చోట మనిషి తగిలేసరికి ప్రోగ్రాం ఆగిపోయింది. ఇంటికెళ్ళే తొందర నాది. లిస్టు కానిదాన్ని దాటెయ్యమని ఓ ముక్క రాసి పడేశాను. ఎర్రర్ పోయింది. నా బుద్ధి గడ్డి తింది, ఇంకేమనను.

డ్రిల్లు రోజు గంట మోగింది, అందరం కిందికి దిగాం. నా ప్రోగ్రాం ప్రకారం రావాల్సినవాళ్ళు రెండొందల పన్నెండు, కిందికి వచ్చినవాళ్ళు రెండొందల పన్నెండు. మేనేజరు నా భుజం తట్టాడు. టీలు తాగి పైకెళ్తే బాబాయ్ వరండాలో నిలబడి, అందరూ ఎటు పోయారని అడిగాడు. డ్రిల్లు అయిందని, లెక్క కూడా సరిపోయిందని చెప్పాను.

ఆయనే నా కోడు తెరిచి చూశాడు. నన్ను తిట్టినా బాగుండేది.

"నేను లేకపోయినా లెక్క సరిపోయిందన్నమాట" అన్నాడు.

మీ ఒక్కరికే ఓ టీము లిస్టు పెట్టేస్తానన్నాను. వద్దన్నాడు. విడిగా ఉన్నవాళ్ళని కూడా కలుపుకునేలా రాయమన్నాడు. అలాగే రాశాను.

రెండు నెలలకి మళ్ళీ డ్రిల్లు. ఈసారి రావాల్సినవాళ్ళు రెండొందల పదమూడు, వచ్చినవాళ్ళు రెండొందల పన్నెండు. ప్రోగ్రాం మళ్ళీ చెడిందా అని మేనేజరు విసుక్కున్నాడు. నేను అప్పటికే మెట్లెక్కుతున్నాను.

బాబాయ్ బూట్లు వేసుకుని, సంచీ ఒళ్ళో పెట్టుకుని, తలుపు వైపే చూస్తూ కూర్చున్నాడు. చెవిలో కొత్త మిషన్ ఉంది. నాకు ఒళ్ళు మండిపోయింది. వినపడి కూడా దిగకపోతే ఎలాగని ఎడాపెడా కేకలేశాను.

"ఎవరైనా వస్తారేమో చూద్దామని కూర్చున్నానమ్మా" అన్నాడు.

సంచీ నేను అందుకున్నాను. ఆయన రెయిలింగు పట్టుకుని, మోకాళ్ళ నొప్పితో ఒక్కో మెట్టే దిగాడు.