నా రోజాకు చర్చి గంట

ఆ ఏడు కొల్లేరు పొంగి లంక ఊళ్ళను ముంచిన కొన్నాళ్ళకే రంజాన్ మొదలైంది. సహాయానికని ఏలూరు నుంచి వెళ్ళిన కుర్రాళ్ళలో నేనొకణ్ణి. ఒక లంక ఊళ్ళో, మెరక మీదున్న చర్చిలో మా మకాం. సగం ఊరు అక్కడే తలదాచుకుంది. ఏలూరికి అంత దగ్గరైనా నాకది పరాయి దేశంలాగే ఉండేది. రోజా ఉపవాసం ఉంటున్న సంగతి ఎవరికీ చెప్పలేదు. చర్చిలో పడుకుంటూ నా మతం సంగతి ఎత్తడానికి మొహమాటం, కొంచెం భయం కూడా.

పాస్టరుగారు ఇట్టే పట్టేశారు.

"భోజనాల దగ్గర కనపడట్లేదేంటండీ? ఒంట్లో బాలేదా?"

చెప్పక తప్పలేదు. ఆయన గొప్ప మాటలేవీ చెప్పలేదు. మబ్బు పట్టిన ఆకాశం వైపు చూసి, "మరి పొద్దుగూకిందని మీకెలా తెలుస్తుందండీ?" అన్నారు.

నిజమే. సూర్యుడి జాడ లేదు. కరెంటు లేక నా సెల్‌ఫోన్ ఎప్పుడో చచ్చి ఊరుకుంది. పైగా ఆ వేళకు పడవ మీద బియ్యం, పశువులకు గడ్డి పంచుతూ ఎక్కడో ఉండేవాణ్ణి. ఆయన రోజా విడిచే వేళ అడిగి తెలుసుకుని, ఆ సాయంత్రం తన చేతిగడియారం చూసి చర్చి గంట కొట్టారు. నీళ్ళ మీదుగా అది వినపడగానే జేబులోని ఖర్జూరం నోట్లో వేసుకున్నాను. ఏడుపొచ్చింది. ఎవరూ చూడకుండా మొహం కడుక్కున్నాను.

తిరిగొచ్చేసరికి చర్చి మెట్ల దగ్గర ఒక ముసలామె గుండెలు బాదుకుంటోంది. వరద వచ్చినరోజు ఆమె భర్త చేపల చెరువు గట్టు చూసొస్తానని వెళ్ళి తిరిగి రాలేదు. ఆ ఊళ్ళో ఆదివారం కాని రోజు గంట మోగిందంటే ఎవరో పోయినట్టే. శవం దొరికిందనుకుని ఆమె రేవు దాకా పరుగెత్తి వచ్చిందట. పాస్టరుగారికి నా రోజా తప్ప ఇంకేం తోచలేదు పాపం.

గంట వద్దన్నాను. నా ఆకలి మీద నాకే అసహ్యం వేసింది. ముసలామె ఒప్పుకోలేదు.

"మానేయడం ఎందుకండీ? పోయినోళ్ళకైతే ఆగి ఆగి కొడతారు. ఈ బాబుకి గబగబా కొట్టండి. నాకు తేడా తెలుస్తుందిలెండి."

ఆ మోతకు ఆమెను ఒంటరిగా వదలడం ఇష్టం లేక, అప్పటినుంచి ఆ వేళకు చర్చికే వచ్చేసేవాణ్ణి. మొదటి దెబ్బ పడగానే ఆమె బిగుసుకుపోయేది. వెంటనే రెండోది మోగితే గానీ ఊపిరి వదిలేది కాదు. తర్వాత నాకు చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చేది. భర్త బతికున్నాడన్న ఆశ ఆమెకు లేదు. మట్టి చేసుకోవడానికి ఆ మనిషి దొరికితే చాలు.

"మీలోనూ మట్టే చేస్తారంట కదా?" అని అడిగింది ఒకసారి.

అవునన్నాను.

"మరి మట్టి దక్కనోళ్ళు ఏమవుతారు బాబూ?"

చెంబు ఆమె చేతికి తిరిగిచ్చాను.

ఒక సాయంత్రం ఖర్జూరం చేత్తో పట్టుకుని మెట్ల మీద కూర్చున్నాను. గంట మోగింది. రెండో దెబ్బ రాలేదు. ఆమె చెంబుతో అలాగే నిలబడిపోయింది. చాలాసేపటికి ఇంకొకటి మోగింది. రేవులో ఏదో పడవ చుట్టూ జనం మూగుతున్నారు. ఆమె ఏడవలేదు. చెంబు నా చేతిలో పెట్టింది.

"పొద్దుగూకింది బాబూ. ముందు మీరు ఎంగిలిపడండి," అని రేవు వైపు నడిచింది.