రూతమ్మ పెద్దమ్మ గురిగి

పక్కింట్లో ఎవరో జొన్నరొట్టెలు కాలుస్తున్నారు. ఆ కమ్మటి వాసన కిటికీలోంచి వచ్చిందో లేదో, నేను చిన్నప్పటి నారాయణఖేడ్‌లో రూతమ్మ పెద్దమ్మ పొయ్యి ముందు చతికిలబడ్డాను. మాకూ ఆమెకూ చుట్టరికమేమీ లేదు, మధ్యలో ఒక మట్టిగోడ తప్ప. భర్త పోయాడు. ఒక్కగానొక్క కూతుర్ని జ్వరం తీసుకుపోయింది. అయినా ఆమె ఒంటరిదని నాకెన్నడూ అనిపించలేదు, ఎందుకంటే ఆ ఇంట్లో మాటలు ఆగేవి కావు.

రొట్టె చరుస్తూ మాట్లాడేది. పొయ్యి పొగచూరితే కసురుకునేది. "చూస్తున్నవా ప్రభువా, గీ కట్టెలన్నీ పచ్చివే. జర మండుమని చెప్పరాదు!" నేను చుట్టూ చూసేదాన్ని. అక్కడ పిల్లి కూడా ఉండేది కాదు.

"ఎవరితోని మాట్లాడుతున్నవ్ పెద్దమ్మా?"

"ఇంట్ల ఉన్నోనితోని. గుడిల ఒక్క ఐతారం కలిసొస్తే, మిగతా దినాలు ఆయనకు పొద్దెట్ల పోతది బిడ్డా?"

నిజాం కాలం నాటి చిన్న ఊరు. ఆమె మాటల సంగతి అందరికీ తెలుసు. కొందరు పిచ్చిదనేవారు. అననీ, వాళ్లకేం తెలుసు!

జొన్నలు విసరడానికి కూర్చున్నప్పుడల్లా మొదటి పిడికెడు ఒక గురిగిలో పోసేది. ప్రభువును నమ్ముకున్న ఆడవాళ్లందరికీ ఆ అలవాటుండేది. అట్లా కూడిన గింజలను కోతపండుగ నాడు గుడిలో, అంటే చర్చిలో, దేవుని ముందు పెట్టాలి. అప్పటిదాకా ఎంత ఆకలైనా ఆ చిన్నకుండలో చెయ్యి పెట్టేవారు కాదు.

ఒక ఏడు వానలు మొహం చాటేశాయి. నాయన కూలికి బీదరు వైపు పోయాడు, మళ్లీ కబురు లేదు. అమ్మ జ్వరంతో మూలన పడింది. ఇంట్లో గింజ లేదు. గోడ దగ్గర నిలబడి "పెద్దమ్మా" అన్నానో లేదో, ఏడుపొచ్చింది. ఆమె ఇంట్లో మాత్రం ఏముంది, ఆ గురిగి తప్ప? తెల్లవారితే కోతపండుగ. ఆమె గురిగి ఎత్తుకొచ్చి మా విసుర్రాయి దగ్గర కుమ్మరించింది.

గింజలకు నా చేతులు అడ్డం పెట్టాను. "అది దేవునిది కదా పెద్దమ్మా!"

"దేవునిదే. ఆయనకే పెడుతున్న. కనవడ్తలేడా? జరమొచ్చి గా మూలకు పండుకున్నడు."

పిండి విసిరి, అంబలి కాచి, అమ్మ తల ఒళ్లో పెట్టుకుని గుక్క గుక్కగా తాగించింది. అమ్మ ఏనాడూ ఆ గుడి మెట్టు ఎక్కిన మనిషి కాదు. పెద్దమ్మ మాత్రం పైకి చూసి గద్దించింది. "నా బిడ్డను తీస్కపోతివి, నేనేమన్నన? గీ పిల్ల తల్లిని ముట్టినవనుకో, ఇగ నీతోని మాట్లాడ!"  దేవుణ్ణి అట్లా గద్దిస్తే అమ్మతోపాటు పెద్దమ్మనీ పోగొట్టుకుంటానేమోనని నాకు భయమేసింది.

తెల్లవారేసరికి అమ్మకు చెమటపట్టి, ఒళ్లు చల్లబడింది. పెద్దమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని, ఖాళీ గురిగి చంకన పెట్టుకుని, నన్ను గుడికి తీసుకుపోయింది. నిండు కుండల వరుసలో ఆమెది ఒక్కటే వట్టిది. ఆడవాళ్లు గుసగుసలాడారు.

"ఏంది రూతమ్మా, ఖాళీది తెచ్చినవ్?" అన్నారు పాస్టరు అయ్యగారు.

"తొవ్వల కలిసిండు అయ్యగారూ. ఆడనే ఇచ్చేసిన."

 ఆయన ఆ వట్టి గురిగిని తీసి నిండు కుండల మధ్యలో పెట్టారు.

మరుసటి ఏడు వానలు పడ్డాయి, నాయన కూడా తిరిగొచ్చాడు. కొత్త జొన్నలు విసరబోతూ అమ్మ మొదటి పిడికెడు నా చేతిలో పోసింది. "పో, పెద్దమ్మ గురిగిల పోసి రా" అంది.

పెద్దమ్మ పోయి ఎన్నో ఏళ్లయింది. ఈ నడుమ అమ్మా పోయింది. ఆ రోజు నాకు ఎంత కోపమొచ్చిందంటే, ఇగ నీతో మాట్లాడనని దేవునికి గట్టిగానే చెప్పేశాను. మర్నాడు పొయ్యి అంటుకోలేదు. ఊది ఊది కళ్లు మండాయి. ఇంట్లో ఇంకెవరూ లేరు.

"చూస్తున్నవా ప్రభువా," అన్నాను, "గీ కట్టెలన్నీ పచ్చివే."