గేటు పడితే వినపడింది

నా పాత కారుకు నెల రోజులుగా ఒకటే జబ్బు. ఆగి ఉన్నప్పుడు ఇంజిన్ ఒకసారి గుర్రుమని లేస్తుంది, మరుక్షణం ఆరిపోయేలా వణుకుతుంది. నిజామాబాద్‌లో మెకానిక్ ప్లగ్గులు మార్చాడు, థ్రాటిల్ కడిగాడు, ఇక ఇంజిన్‌ను నడిపే కంప్యూటరే మార్చాలన్నాడు.

ఈ రోజు బోధన్ నుంచి వస్తుంటే రైల్వే గేటు పడింది. అందరూ ఇంజిన్లు ఆపేశారు. నేనొక్కడినే యాక్సిలరేటర్ తొక్కుతూ కూర్చున్నాను. పక్కన స్కూటర్ మీదున్న పెద్దాయనకు విసుగొచ్చింది.

“గేటు పడ్డది గదా బిడ్డా, బంద్ చెయ్యరాదు?”

“బంద్ చేస్తే బండి మళ్ల చాలూ కాదు బాపు.”

“అయితే దిగి సూడు. సుయ్యిమంటుంది, టైర్ల గాలి పోతున్నట్టుంది.”

ఇంజిన్‌ను దాని ఖర్మకు వదిలేసి దిగాను. టైర్లు బాగానే ఉన్నాయి. ఆ చప్పుడు బానెట్ కింద నుంచి వస్తోంది. తెరిచి చూస్తే ఇంజిన్‌లోకి గాలి వెళ్లే చోట సన్నటి రబ్బరు పైపు పగిలి ఉంది. మెకానిక్ గల్లీ రొదలో ఇదెవరికి వినపడాలి? పగులు మీద వేలు అదిమాను. వణుకు ఆగిపోయింది.

సరిగ్గా అప్పుడే గేటు లేచింది. వెనక అన్నీ హారన్లే. వేలు తీస్తే ఇంజిన్ మళ్లీ ఆరిపోయేలా వణుకుతోంది. తీయకపోతే దాన్ని నడిపేదెవరో మీరే చెప్పండి.