కాలేయం తింటానన్న ఉత్తరాలు

ముప్పై ఏళ్లు కుట్టుమిషను తొక్కి మోకాళ్లు అరగదీసుకున్న దర్జీ పిన్ని, యాభై ఏడో ఏట ఒక ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చుంది. పుట్టింట్లో మాట్లాడిన పర్షియన్ భాషే ఆమెకు ఆ ఉద్యోగం తెచ్చిపెట్టింది. ఆసుపత్రికి రోగులు, వాళ్ల ఇంటివాళ్లు ఆ భాషలో రాసే ఉత్తరాలు మెచ్చుకోళ్లో తిట్లో యంత్రం తేల్చి చెబుతుంది. అది తేల్చింది నిజమో కాదో అక్కడక్కడా తీసి పిన్ని చూడాలి.

ఒకరోజు మేనేజరు ఆమె బల్ల మీద ఒక కాగితం పెట్టాడు. పిల్లల వార్డు నర్సు మీద ఒక్క నెలలో అరవై రెండు తిట్లు! ఆమెను తీసేయమని ఆసుపత్రికి రాయబోతున్నారు.

పిన్ని అరవై రెండు ఉత్తరాలూ తెప్పించుకుంది. మొదటిదానికే పగలబడి నవ్వింది.

"నవ్వుతారేంటి పిన్నిగారూ?" అన్నాడు మేనేజరు. "'నీ కాలేయం తినేస్తా' అని రాశారు. ఇంకొకరు 'నిన్ను ఎలుక తినాలి' అన్నారు."

"అవి ముద్దుమాటలు బాబూ. మా అమ్మ నన్ను రోజూ అలాగే తినేసేది."

"యంత్రం నూటికి తొంభైమూడు సరిగ్గా చెబుతుందండీ."

"ఆ మిగిలిన ఏడింట్లో ఈ నర్సు పిల్ల ఇరుక్కుంది. మొన్న ఫోన్లో మీ పాపని 'నీ దుంపతెగ' అన్నారు, ఎవరైనా పోలీసుల్ని పిలిచారా?"

గదంతా గొల్లున నవ్వింది. మేనేజరు చెవులు ఎర్రబడ్డాయి. "సరే, రుజువు చేయండి" అన్నాడు.

పిన్ని పంతం పట్టింది. మూడు వారాల్లో నాలుగు వేల పాత ఉత్తరాలు చదివి, ఏ మాట ఏ మనసుతో అన్నదో వాక్యం వాక్యానికీ గుర్తు పెట్టింది. 'నీ చెయ్యి నొప్పెట్టకూడదు' అంటే ఫిర్యాదు కాదు, కృతజ్ఞత. 'నీకు బలైపోతాను' అంటే ప్రాణమంత ఇష్టం. ఆ గుర్తులతో యంత్రానికి మళ్లీ నేర్పి, ఆ అరవై రెండూ అందరి ముందే చదివించారు. యాభై ఎనిమిది మెచ్చుకోళ్లు! మిగిలిన నాలుగు నిజంగా తిట్లే, కానీ నర్సు మీద కాదు, వార్డులో ఇచ్చే చల్లారిన పాల మీద.

మేనేజరు అక్కడికక్కడే కాగితం చించేశాడు. "తప్పు నాదే పిన్నిగారూ. ఇకనుంచి మీరు చూడకుండా ఒక్క నివేదికా బయటికి పోదు."

సంగతి తెలిసి మర్నాడు నర్సు వచ్చింది. ఆమెకు ఆ భాష ఒక్క ముక్క రాదు. పిన్ని అన్నీ వరసగా చదివి అర్థం చెప్పింది. ఇరవయ్యోదానికి వచ్చేసరికి నర్సు కళ్లు తుడుచుకుంటూ పిన్ని చెయ్యి పట్టుకుంది.

"ఇన్నాళ్లూ ఆ పిల్లల తల్లులు నన్ను చూసి మొహమాటానికి నవ్వుతున్నారేమో అనుకున్నాను పిన్నీ... ఆపకండి, ఇంకా చదవండి."

పిన్ని కళ్లజోడు సవరించుకుని, గొంతు పెంచి, ఆఫీసంతా వినబడేలా తర్వాతి ఉత్తరం అందుకుంది.