మోతి కరిచిన గోదురుకప్ప

కామారెడ్డి కొత్త జిల్లాగా ఏర్పడిన రోజుల్లోనే నన్ను పిట్లం వైపు నుంచి నాగిరెడ్డిపేట దగ్గరి ఒక పల్లె పశువైద్యశాలకు బదిలీ చేశారు. ఈ సంగతి జరిగింది ఆ తర్వాత రెండో వానాకాలం మొదట్లో. నా హోదా పేరు కాగితాల మీద చాలా పొడుగ్గా ఉండేది. ఊళ్లలో మాత్రం నేను డాక్టరమ్మనే. నాకు తోడు పోశెట్టి అనే అటెండర్ ఉండేవాడు. వానలు ముదరకముందే గొర్రెలకు కడుపులో పురుగులు పోయే నట్టల మందు తాగించాలి, పశువులకు గొంతువాపు టీకాలు వేయాలి. అందుకని ఆ రోజుల్లో మాకు ఊపిరాడేది కాదు.

రాత్రంతా తొలకరి వాన కురిసి వెలిసిన ఉదయం, గొర్రెల కాపరి మల్లయ్య చెప్పులు కూడా లేకుండా పరుగెత్తుకుంటూ వచ్చాడు.

“జర జల్ది రాండ్రి డాక్టరమ్మా. మా మోతికి పిచ్చి లేసిందని సంపుతమంటున్నరు.”

మోతి అతని మందను కాసే కుక్క. కిందటి జూలైలో కుక్కలకు ఉచితంగా రేబిస్ టీకాలు వేసినప్పుడు, సూదికి భయపడి రానని మొరాయించిన దాన్ని మల్లయ్య గొర్రెపిల్లలా మెడ మీద వేసుకుని తెచ్చాడు. అందుకే నాకు బాగా గుర్తుంది. పోశెట్టి బండి తీశాడు.

మేం వెళ్లేసరికి గొర్రెల దొడ్డి ముందు కట్టెలు పట్టుకుని కొందరు నిలబడి ఉన్నారు. వాళ్లందరికీ ముందు బాలయ్య అనే రైతు. దొడ్డి తడికకు అడ్డంగా మల్లయ్య భార్య సాయవ్వ చేతులు చాచి నిలుచుంది.

“నన్ను కొట్టినంకనే కుక్కను కొట్టుండ్రి,” అంటోంది.

“పోరగాండ్లు తిరిగే జాగ, సాయవ్వా. ఎవల్నన్న కరిస్తె ఎట్ల?” అన్నాడు బాలయ్య. అతని భయంలో తప్పేమీ లేదు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషికైనా కుక్కకైనా దాదాపు చావే.

తడిక సందులోంచి చూశాను. మోతి గుంజకు కట్టేసి ఉంది. నోటి నుంచి తెల్లటి నురగ తాళ్లుతాళ్లుగా కారుతోంది. తల విదిలిస్తూ ముందుకాళ్లతో మూతి గీరుకుంటోంది. నన్ను చూసి మాత్రం తోక ఊపింది.

మా పనిలో మందు కంటే ముందు ప్రశ్నలు. ఎవరినీ కరవలేదన్నారు. “ఎప్పటినుంచి ఇట్ల ఉంది?” అని అడిగాను.

“గిప్పుడే, అమ్మా,” అంది సాయవ్వ. “పొద్దుగాల గటక తిన్నది, మంచిగనె ఉండె. నీళ్ల తొట్టి ఎనక దేన్నో చూసి మొరిగింది, మూతి వెట్టింది. ఆ ఎంబడే గిట్ల నురగ.”

రేబిస్ ఇంత హఠాత్తుగా రాదు. కొన్ని రోజుల ముందు నుంచే కుక్క నడవడి మారుతుంది, తిండి మీద ధ్యాస పోతుంది, గొంతు బొంగురుపోతుంది. నేను తొట్టి వెనక్కి వెళ్లి ఒక రాయి పక్కకు జరిపాను. అక్కడ ఉన్నాడు ముద్దాయి. అరచేయంత గోదురుకప్ప. ఒంటి నిండా బొడిపెలు, నాలుగు కాళ్ల మీద లేచి, గాలి పీల్చుకుని బుంగలా ఉబ్బి ఉంది. కళ్ల వెనక ఉండే రెండు ఉబ్బెత్తు గ్రంథుల మీద పాలలాంటి ద్రవం ఇంకా తడిగా ఉంది. గోదురుకప్పకు పళ్లు లేవు, చకచకా పారిపోనూలేదు. కరిచినవాడి నోరు మండించే ఆ పాలే దానికి రక్ష. ఎక్కువగా లోపలికి పోతే గుండె లయ తప్పుతుంది.

నాకు ముందుగా వేసుకున్న రేబిస్ టీకాలున్నాయి. అయినా చేతులకు తొడుగులు వేసుకున్నాను. మోతి మూతి కిందికి వంచి, మింగకుండా నీళ్లు పక్కనుంచి బయటికి పోయేలా పైపుతో నోరు కడిగాను. ఎర్రబారిన చిగుళ్లను తడిగుడ్డతో తుడిచి మళ్లీ కడిగాను. పోశెట్టి వెనక నుంచి పట్టుకున్నాడు. స్టెతస్కోపు పెడితే గుండె వేగంగానే ఉంది కానీ లయ తప్పలేదు. సెలైన్ ఎక్కిస్తూ కూర్చున్నాం. నురగ పలచబడింది, తర్వాత ఆగింది. మోతి లేచి ఒళ్లంతా ఒక్కసారి దులుపుకుంది. ఆ నీళ్లన్నీ తడిక దాకా వచ్చి తొంగిచూస్తున్న బాలయ్య మొహం మీద పడ్డాయి. మొదట నవ్వింది సాయవ్వే. తర్వాత అందరూ నవ్వారు, బాలయ్యతో సహా.

నియమం ప్రకారం మోతిని కొన్నాళ్లు కట్టేసి కనిపెట్టి ఉండమన్నాను. మల్లయ్య ఒప్పుకున్నాడు. బాలయ్య కట్టె మాత్రం దిగలేదు.

“అయితె ఈ కప్పలనే సంపుతం, మేడం.”

“పొద్దుగూకినంక దీపం స్తంభం దగ్గరికి రా బాలన్నా. చూసినంక నీ ఇష్టం,” అన్నాను.

సాయంత్రం వీధి దీపం కింద ఉసిళ్లు రాలుతున్నాయి. గోదురుకప్పలు కాలవ అంచుల నుంచి ఒక్కొక్కటే వచ్చి కూర్చున్నాయి. కదిలే పురుగు కనబడితే చాలు, నాలుక మెరుపులా పోయి వచ్చేది. మింగేటప్పుడు కప్ప కళ్లు లోపలికి దిగి, పురుగును గొంతులోకి తోస్తాయి. బాలయ్య గొంతుక్కూర్చుని చూశాడు.

“కండ్లు మూసుకోని మింగుతది, అచ్చం మా మామ లెక్కనే!” అని పకపకా నవ్వాడు.

అవి పెంకు పురుగులనూ లద్దె పురుగులనూ తింటాయని, వానగుంటల్లో దండల్లా గుడ్లు పెడతాయని చెప్పాను. మేలుచేసే పురుగులనూ వదలవని కూడా చెప్పాను. ఈ జాతి కప్పలే ఓడ సరుకులతో మడగాస్కర్ చేరితే, వాటి విషానికి అలవాటు లేని అక్కడి జంతువులకు ముప్పు వచ్చింది. మన దగ్గర వాటిని తినే పాములున్నాయి కాబట్టి లెక్క సరిపోతుంది.

“మా నారుమడికి గిన్ని తోలుకపోవచ్చునా మేడం?” అని అడిగాడు బాలయ్య.

పిలవకున్నా వస్తాయని, గట్ల మీద పురుగుమందు తగ్గిస్తే చాలని చెప్పాను.

గడువు తీరేసరికి మోతి ఆరోగ్యంగా ఉంది. మందతో పోచారం వైపు వెళ్తూ పశువైద్యశాల ముందు ఆగి మొరిగి పోయింది. ఆ తర్వాత పదవీ విరమణ దాకా, తొలకరికి ముందు ప్రతి ఊరిలో కుక్క నోరు కడిగే పద్ధతి చేసి చూపించాను. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లకు ఒక్కటే చెప్పేదాన్ని: నోట నురగ కనబడితే జబ్బు పేరు చెప్పే ముందు, ఆ జంతువు అంతకుముందు ఎక్కడ మూతి పెట్టిందో వెళ్లి చూసి రండి.